లిమిట్ హోల్డెమ్ టోర్నమెంట్‌లో ప్రతి పంపకమూ రెయిజ్ చేసే ఆటగాడిని ఎదుర్కోవడం

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. తొమ్మిది మంది కూర్చున్న లిమిట్ హోల్డెమ్ (పందెం మొత్తాలు ముందే నిర్ణయమై ఉండే పోకర్ ఆట) టోర్నమెంట్‌లో బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందాలు, చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్) 300, 600 నడుస్తున్నాయి. అంటే ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) దాకా ఒక్కో పందెం 600, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదోది, ఆఖరిది)లలో 1200, దీన్నే పెద్ద పందెం అంటున్నాను. మీ దగ్గర 22,000 చిప్స్ ఉన్నాయి. మీకు కుడివైపు రెండో కుర్చీలో ఉన్న ఆటగాడు, తనకు ముందు ఎవరూ ఆటలోకి రాకపోతే చాలు, దాదాపు ప్రతిసారీ రెయిజ్ చేస్తున్నాడు (పందెం పెంచుతున్నాడు). మీరు ఇచ్చిన రెండు పంపకాల్లో మొదటిదానిలో మీరు బిగ్ బ్లైండ్‌లో ఆసు, 8తో కాల్ చేశారు (అతని పందానికి సమానంగా పెట్టారు). ఇస్పేటు రాజు, డైమను 7, కళావరు 3 వచ్చిన ఫ్లాప్‌లో మరోసారి కాల్ చేసి, టర్న్‌లో ఆఠీను జాకీ రాగానే అతని పందానికి వదిలేశారు. రెండోదానిలో 10ల జతతో ఫ్లాప్‌కు ముందే మూడో పందెం పెట్టారు (అతని రెయిజ్ మీద మళ్లీ రెయిజ్ చేశారు). 9, 6, 2 వచ్చిన ఫ్లాప్‌లో మీరు పందెం వేశారు, అతను రెయిజ్ చేశాడు, మీరు మళ్లీ రెయిజ్ చేయగానే అతను వదిలేశాడు. మొదటిదానిలో భయపడ్డానా, రెండోదానిలో తొందరపడ్డానా అన్నది మీ ప్రశ్న. నా అభిప్రాయంలో రెండింటికీ సమాధానం అవుననే. అయితే ఎందుకో లెక్కతో చూస్తే తప్ప ఈ సమాధానం మీకు తర్వాతి పంపకంలో ఉపయోగపడదు.

ఇలాంటి ఆటగాడి ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో మొదట చూడాలి. అతను బటన్ (డీలర్ స్థానం, ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడేది) మీద 1200 పెట్టి బ్లైండ్లలోని 900 కోసం ప్రయత్నిస్తున్నాడు. ఆ తర్వాత ఒక్క పంపకం కూడా గెలవలేడనుకున్నా, 100 ప్రయత్నాల్లో 57 సార్లు రెండు బ్లైండ్లూ వదిలేస్తే అతనికి నష్టం లేదు. స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ చెరొకరూ నాలుగింట మూడుసార్లు వదిలేస్తున్నారనుకోండి. ఇద్దరూ కలిసి వదిలేసే అవకాశం దాదాపు 56 శాతం అవుతుంది. అంటే మంచి ముక్కల కోసం ఎదురుచూస్తున్నామని మీరిద్దరూ అనుకుంటూ ఉండగానే, అతను ముక్కలు చూడకుండానే దాదాపు సరిసమానంగా నిలబడుతున్నాడు. అప్పుడప్పుడు అతనికి నిజంగా వచ్చే మంచి ముక్కలన్నీ ఆ పైన లాభమే. అతని దూకుడులో పెద్ద నైపుణ్యం ఉండనక్కర లేదు, మీరు వదిలేయడమే దానికి సరిపోతోంది.

ఇప్పుడు అదే లెక్కను మీ వైపు నుంచి చూడండి. స్మాల్ బ్లైండ్ వదిలేశాక, బిగ్ బ్లైండ్‌లో ఉన్న మీరు 600 పెడితే పాట్‌లో (మధ్యలో పోగైన పందాల మొత్తంలో) అప్పటికే 2100 ఉంది. ఐదింట ఒకటికి కాస్త ఎక్కువగా, అంటే 22 శాతం గెలిచే ముక్కలున్నా ఆ ధర సరిపోతుంది. ఫ్లాప్ తర్వాత అతను మీ తర్వాత ఆడతాడు కాబట్టి ఆ అవకాశాన్నంతా మీరు రాబట్టుకోలేరు. అందుకే నేను 22 దగ్గర ఆగను, ఏ సంబంధమూ లేని 7, 2 లేదా 8, 3 లాంటివి వదిలేస్తాను. కానీ ఏ ఆసైనా, ఏ జతైనా, చాలామటుకు రాజులు, ఒకే రంగువీ పక్కపక్కవీ అయిన ముక్కలు, ఇవన్నీ ఇతని రెయిజ్‌కు ఎదురు నిలబడతాయి. 2015 జనవరిలో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు సీఫియస్ అనే ప్రోగ్రాముతో, ఇద్దరి మధ్య ఆడే లిమిట్ హోల్డెమ్‌కు ఆచరణలో తిరుగులేని పరిష్కారం కనుగొన్నట్లు సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ ప్రోగ్రాము డీలర్ స్థానంలో ఊరికే కాల్ చేసి ఆటలోకి రావడం దాదాపు లేదు, వస్తే రెయిజే. ఎదుటి స్థానంలోనూ మనుషులు మామూలుగా ఆడేవాటికంటే ఎక్కువ ముక్కలతో నిలబడుతుంది. అది ఇద్దరి ఆట, పైగా టోర్నమెంట్ బహుమతుల లెక్క అందులో లేదు. అయినా బటన్‌కూ బిగ్ బ్లైండ్‌కూ మధ్య జరిగే పోరుకు అది చాలా దగ్గరి నమూనా.

స్మాల్ బ్లైండ్‌లో ఉన్నప్పుడు మాత్రం పద్ధతి మారాలి. అక్కడ ఊరికే కాల్ చేస్తే బిగ్ బ్లైండ్‌కు 600తో 3000 కోసం ఆడే అవకాశం దొరుకుతుంది, ఆ బిగ్ బ్లైండ్ ఆటగాడు దాదాపు ఏ ముక్కలతోనైనా వస్తాడు, మీరు ఇద్దరి ముందు ఆడాల్సి వస్తుంది. అందుకని అక్కడ మూడో పందెం పెట్టడమో, వదిలేయడమో తప్ప నేను మధ్యేమార్గం చూడను. మూడో పందెంతో బిగ్ బ్లైండ్‌ను సాగనంపి దూకుడు ఆటగాడితో ఒంటరిగా తలపడటంలోనే ఆ స్థానపు బలమంతా ఉంది.

ఇక మీ మొదటి పంపకం. ఫ్లాప్‌కు ముందు పాట్ 2700 అయింది, ఫ్లాప్‌లో మీ ఇద్దరి 600 చొప్పున కలిసి 3900. టర్న్‌లో అతను 1200 వేశాడు. ఇక్కడ మీరు ఒక్క కాల్ ధరనే చూడకూడదు, రివర్‌లో కూడా ఇంకో 1200 అడుగుతాడని ముందే అనుకోవాలి. అంటే మీరు మొత్తం 2400 పెట్టి, ఇప్పుడున్న 5100తో పాటు అతని రివర్ పందెం 1200 కూడా కలిపి 6300 కోసం ఆడుతున్నారు. దానికి మీరు సుమారు 28 శాతం గెలిస్తే చాలు.

ఆ 28 శాతం ఉందా లేదా అన్నది ఊహతో తేల్చనక్కర లేదు, లెక్కపెట్టవచ్చు. మీ రెండు ముక్కలు, బల్ల మీది నాలుగు ముక్కలు తీసేస్తే 46 మిగిలాయి, వాటి నుంచి రెండేసి చొప్పున 1035 జోడీలు వస్తాయి. రాజు, జాకీ, 7, 3లలో ఏదీ లేకుండా, చేతిలో జత కూడా కాకుండా ఉండేవి 513. వాటిలో ఆసుతో పాటు 9 గానీ 10 గానీ రాణి గానీ ఉండి మిమ్మల్ని దాటేవి 36, మీతో సమానమయ్యేవి 9. మిగిలిన 468 జోడీల మీద ఆ క్షణంలో మీ ఆసు గెలుస్తోంది. అతను నిజంగా ఏ ముక్కలతోనైనా రెయిజ్ చేసి, మూడు వీధుల్లోనూ (ఫ్లాప్, టర్న్, రివర్ అనే పందాల దశల్లో) కళ్లు మూసుకుని పందెం వేసేవాడైతే, ఏ జతా లేని మీ చెయ్యి 100కు 45 సార్లు ముందుంది.

అతను అంత గుడ్డిగా ఆడడనుకుందాం. టర్న్ వచ్చేసరికి ఆ 468 ఉత్త జోడీల్లో సగమే పందెం వేసి, మిగిలిన సగం చెక్ చేస్తాడనుకుందాం (అంటే పందెం వేయకుండా ఊరుకుంటాడు). అప్పుడు అతను పందెం వేసే 801 జోడీలలో మీరు గెలుస్తున్నవి 234, అంటే 29 శాతం. వాటిలో కొన్ని రివర్‌లో మిమ్మల్ని దాటుతాయి. మీరు వెనకబడ్డ చోట మీకూ కొన్నిసార్లు ఆసో 8యో వచ్చి నిలబెడుతుంది. అన్నీ కలిపి చూస్తే మీకు కావలసిన 28కి అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి మీ నిర్ణయం మొత్తం ఒకే ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఇతను టర్న్‌లో ఉత్త ముక్కలతో సగం కంటే ఎక్కువసార్లు పందెం వేస్తాడా? మీరు రాసిన దాని ప్రకారం ఇతను ఫ్లాప్‌లో మొదలుపెట్టిన ఏ పంపకాన్నీ రివర్ దాకా ఆపినట్లు లేదు. అలాంటప్పుడు ఆ కాల్ తప్పనిసరి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. టర్న్‌లో కాల్ చేసి రివర్‌లో వదిలేయడం అన్నిటికంటే ఖరీదైన అలవాటు. రివర్‌లో అతను 1200 వేసినప్పుడు పాట్‌లో 7500 ఉంటుంది. మీరు ఏడింట ఒకసారి గెలిచినా నష్టం లేదు. ఆఖరి ముక్క మీకు నచ్చలేదన్నంత మాత్రాన, అప్పటిదాకా కట్టిన ధరను అక్కడ వదిలేయకూడదు. వదిలేయాలనుకుంటే ఫ్లాప్‌లో వదిలేయండి. అక్కడి నుంచి చివరిదాకా చూడటానికి 3000 పెట్టి 5700 కోసం ఆడుతున్నారు, దానికి 34, 35 శాతం కావాలి. అంటే అన్ని నిర్ణయాల్లోకీ కఠినమైనది ఫ్లాప్‌లో ఉంది. తర్వాత వీధి వీధికీ అవసరమైన శాతం తగ్గుతూ వస్తుంది. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా, మొదట్లో ఉదారంగా, చివర్లో పిసినారిగా ఆడుతుంటారు.

జత కాని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో కనీసం ఒక జత దొరికే అవకాశం దాదాపు 32 శాతమే అన్నది కూడా ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. అతను ఎక్కువ పంపకాలు ఆడుతున్నాడంటే, ఫ్లాప్‌లో మూడింట రెండుసార్లు అతని చేతిలో ఏమీ ఉండదు. మీకూ అదే వర్తిస్తుంది గానీ, మీ ముక్కలు సగటున అతనివాటికంటే మెరుగైనవి కాబట్టి, ఇద్దరికీ ఏమీ రానప్పుడు గెలిచేది ఎక్కువసార్లు మీరే, ఆ పంపకం చివరిదాకా చూడగలిగితే.

రెండో పంపకంలో నాకు కనిపించిన అత్యంత విలువైన సమాచారాన్ని మీరు మీ వివరణలో అసలు ప్రస్తావించలేదు. ఫ్లాప్‌కు ముందు పాట్ 3900. మీ మూడో పందెం తర్వాత ఫ్లాప్‌లో మీవి 1800, అతనివి 1200, అంతా కలిపి 6900. అతను ఇంకొక్క 600 పెడితే టర్న్ చూడవచ్చు, అంటే పదకొండున్నరకు ఒకటి ధర. ఏదైనా చిన్న జత ఉన్నా, మీ ముక్కల కంటే పెద్దవి రెండున్నా, మధ్యలో ఒక ముక్క తక్కువైన వరుస (వరుస సంఖ్యల ఐదు ముక్కలు) ఉన్నా ఎవరూ వదిలేయని ధర అది. అయినా వదిలేశాడంటే అతని చేతిలో పూర్తిగా ఏమీ లేదు. ఏమీ లేకుండానే, ఫ్లాప్‌కు ముందు మూడో పందెం పెట్టిన మీ మీద రెయిజ్ చేశాడు. ఇతని ఫ్లాప్ రెయిజ్‌కు ఎంత విలువ ఇవ్వాలో దీన్ని బట్టి తెలిసిపోతోంది.

అందుకే అక్కడ మళ్లీ రెయిజ్ చేయడం తొందరపాటు అంటున్నాను. మీరు ఆ రెయిజ్‌ను ఊరికే కాల్ చేసి ఉంటే పాట్ 6300తో టర్న్ వచ్చేది, పందెం విలువ రెట్టింపయ్యేది. మీరు చెక్ చేస్తే, తను మొదలుపెట్టిన అబద్ధాన్ని కొనసాగించడానికి అతను 1200 వేస్తాడు. అప్పుడు మీరు 2400 చేస్తే, అతను వెంటనే వదిలేసినా ఫ్లాప్ నుంచి మీకు అతని దగ్గర 2400 వచ్చినట్లు. మీరు నిజంగా రాబట్టింది 1200 మాత్రమే. లిమిట్‌లో చిన్న పందాల వీధిలో బలహీనంగా కనిపించి, పెద్ద పందాల వీధిలో బలం చూపించడం దూకుడు ఆటగాళ్ల మీద ఎంతో నిలకడగా పనిచేసే పద్ధతి.

దీనికి రెండు మినహాయింపులున్నాయి, రెండూ ముఖ్యమైనవే. ఒకటి, ఫ్లాప్‌లో రెయిజ్ చేసి టర్న్‌లో చెక్ చేసే రకం. రంగు (ఒకే రంగు ముక్కలు ఐదు) కోసమో వరుస కోసమో చూస్తూ, చిన్న పందెంతో రెయిజ్ చేసి మిమ్మల్ని భయపెట్టి, పెద్ద పందెం వీధిలో ఉచితంగా ముక్క చూడటం వీళ్ల ఎత్తు. ఇతను ఒక్కసారి అలా చేయడం చూసినా, తర్వాత ఫ్లాప్‌లో అతని రెయిజ్‌ను కాల్ చేసి, టర్న్‌లో చెక్ చేయకుండా మీరే ముందుగా పందెం వేయాలి. రెండోది మీ ముక్కల స్వభావం. 10ల జతకు 9, 6, 2 ఫ్లాప్‌లో, మీకు కనిపించని 47 ముక్కల్లో జాకీ నుంచి ఆసు దాకా 16 ఉన్నాయి. టర్న్‌లో వాటిలో ఒకటి మూడింట ఒకసారి వస్తుంది. వస్తే చెక్ చేసి రెయిజ్ చేయాలన్న ఆలోచన మానుకుని, చెక్ చేసి కాల్ చేస్తూ చివరిదాకా వెళ్లండి. చేతిలో మూడు 9లో, రాజుల జతో ఉంటే ఈ బెంగ అక్కర్లేదు.

రంగు కోసం చూస్తున్నవాడిని పందెంతో తరిమేద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. టర్న్‌లో తొమ్మిది ముక్కలు కలిసొచ్చే అతనికి 46లో 9, అంటే నాలుగుకు ఒకటి చొప్పున ధర ఉంటే చాలు. లిమిట్‌లో ఇంత పెద్ద పాట్‌కు అంతకంటే మంచి ధర అతనికి ఎప్పుడూ దొరుకుతుంది. రెండు పెద్ద ముక్కలు పట్టుకుని, జత కోసం ఆరు ముక్కలు చూసేవాడికి సుమారు ఆరుమ్ముప్పావుకు ఒకటి కావాలి. 6300 పాట్‌లో మీరు 1200 వేస్తే అతనికి ఆరుంబావు దొరుకుతుంది, రివర్‌లో రాబట్టగలిగేది కలుపుకుంటే అతని కాల్ తప్పేమీ కాదు. నో లిమిట్ (పందానికి పరిమితి లేని ఆట) నుంచి వచ్చేవాళ్లకు ఇది మింగుడుపడదు. ఇక్కడ మీ పని అతని చేత డబ్బు పెట్టించడమే, అతన్ని పంపేయడం మీ చేతుల్లో లేదు.

అతను టర్న్‌లో గానీ రివర్‌లో గానీ మీ పందాన్ని రెయిజ్ చేస్తే ఏం చేయాలి? పెద్ద పందెం వీధుల్లో చేసే రెయిజ్, మొదట్లో చేసే రెయిజ్ లాంటిది కాదు. ముక్కలు చూడకుండా ఆడినట్లు కనిపించేవాళ్లు కూడా రివర్‌లో రెయిజ్ చేసేటప్పుడు చాలావరకు నిజం చెబుతారు. ధర బాగుంటుంది కాబట్టి ఒక మంచి జతతో నేను అక్కడ కాల్ చేస్తాను, మళ్లీ రెయిజ్ చేయను. చాలా చోట్ల ఒక పందెం, మూడు రెయిజ్‌లు దాకానే అనుమతిస్తారు, కానీ ఇద్దరే మిగిలినప్పుడు కొన్ని నిబంధనల్లో ఆ పరిమితి ఉండదు. ఆ టోర్నమెంట్ నిబంధన ఏమిటో ఆట మొదలవక ముందే అడిగి తెలుసుకోండి. నాలుగు వీధుల్లోనూ నాలుగేసి పందాలు పడితే ఒక్క పంపకానికే 12 పెద్ద పందాలు, మీ లెక్కలో 14,400 చిప్స్, ఖర్చవుతాయి.

రివర్‌లో మధ్యస్థమైన చెయ్యి ఉంటే, ఉదాహరణకు బల్ల మీది రెండో పెద్ద ముక్కతో జత ఉంటే, మీరుగా పందెం వేయకండి. వేస్తే అతని ఉత్త ముక్కలు వదిలేస్తాయి, మిమ్మల్ని మించినవి కాల్ చేస్తాయి. చెక్ చేస్తే అతని చేతిలో విఫలమైన రంగులు, వరుసలు అన్నీ మీకు 1200 ఇస్తాయి. అతను రివర్‌లో చెక్ చేసి ఊరుకోవడం రెండు మూడు సార్లు చూసిన తర్వాత మాత్రమే ఈ పద్ధతి మార్చుకోండి.

ఇదంతా చిప్స్ లెక్క. టోర్నమెంట్‌లో దాని మీద ఇంకొక లెక్క కూర్చుని ఉంటుంది. మీ 22,000 అంటే ఇప్పుడు 18 పెద్ద పందాలు. రెయిజ్ లేకుండా చివరిదాకా కాల్ చేస్తూ వెళ్లే పంపకానికి మూడున్నర పెద్ద పందాలు, అంటే 4200, మీ చిప్స్‌లో సుమారు ఐదో వంతు ఖర్చవుతుంది. అది ఇప్పుడు భరించగలిగేదే. పందాలు 1000, 2000కు పెరిగితే అవే చిప్స్ 11 పెద్ద పందాలవుతాయి, అలాంటి ఒక్క పంపకం ఓడితే ఏడున్నరకు వస్తారు. కాబట్టి అతనితో తలపడటానికి ఇదే సరైన సమయం. రెండు దశలు ఆగి చూద్దామనుకుంటే, ఆ ఆగడంలోనే తలపడే శక్తి కరిగిపోతుంది.

బహుమతుల గీతకు (బహుమతి దక్కే స్థానాలకు) దగ్గరపడ్డాక పోగొట్టుకునే చిప్స్ విలువ గెలుచుకునే చిప్స్ విలువ కంటే ఎక్కువ. అతని దగ్గర మీకంటే ఎక్కువ చిప్స్ ఉండి, మీకంటే తక్కువున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే జాగ్రత్త తప్పనిసరి. అయితే ఆ జాగ్రత్త ఎక్కడ చూపాలన్నదే అసలు విషయం. అది ఫ్లాప్‌కు ముందు చూపాలి. బిగ్ బ్లైండ్‌లో రాజు, 6 లాంటివి, పక్కపక్కగా లేని చిన్న ముక్కలు అప్పుడు వదిలేయండి, ఆసులు, జతలు, పెద్ద ముక్కలు ఉంచుకోండి. ఒకసారి ఆడటానికి నిర్ణయించుకున్నాక రివర్‌లో మాత్రం ఆ జాగ్రత్త చూపవద్దు. అక్కడ కావలసిన 14 శాతం ఈ కొత్త లెక్కతో కొంత పెరుగుతుంది గానీ, మామూలు పరిస్థితుల్లో మంచి జతను పడేయాల్సినంత పెరగదు.

కుర్చీల మార్పులో అతను మీ ఎడమ పక్కకు వస్తే, ఇప్పటిదాకా చెప్పినదానిలో ఒక భాగం మారుతుంది. అప్పుడు మీరు మొదలుపెట్టిన ప్రతిచోటా అతను మూడో పందెం పెడతాడు కాబట్టి, బలహీనమైన ముక్కలతో మొదలుపెట్టడం బాగా తగ్గించండి. మొదలుపెట్టినవాటితో ఫ్లాప్‌లో చెక్ చేసి పందెం బాధ్యత అతనికే వదలండి.

చిప్స్ నాలుగు పెద్ద పందాలకు తగ్గిన రోజున వీధి వీధికీ ఆలోచించే వీలుండదు. అతను బటన్ నుంచి రెయిజ్ చేస్తే, ఏదైనా జతో, ఓ మోస్తరు ఆసో, రెండు పెద్ద ముక్కలో ఉంటే ఫ్లాప్‌కు ముందే మూడో పందెం పెట్టి, ఫ్లాప్‌లో ఏది వచ్చినా మీరే ముందుగా పందెం వేసి, మిగిలినవన్నీ రివర్ కల్లా పాట్‌లోకి చేరేలా ఆడండి. సగం చిప్స్ పెట్టి మిగతా సగంతో వెనక్కి తగ్గే ఆటకు అక్కడ తావు లేదు, ఎందుకంటే మిగిలే రెండు పెద్ద పందాలతో తర్వాతి పంపకంలో అతన్ని వదిలేయించడం మీ వల్ల కాదు, అతను ఏ ముక్కలతోనైనా మిమ్మల్ని చివరిదాకా చూస్తాడు.